దింపు డబ్బు ఎటు పోతోంది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మావారి జీతం 18,000. ఎకరం కొబ్బరితోట మీద రెండు నెలలకోసారి కాయలు దింపించి అమ్మితే దింపు డబ్బు వస్తుంది. అయినా 20వ తారీకు దాటితే చేబదులే. ఎక్కడ తప్పుతున్నామండీ?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, దింపు డబ్బుని జీతంలో కలిపేస్తున్నట్టున్నారు. కాయ ధర మన చేతిలో లేదు కదా, ఇల్లు గడవడం జీతం మీదే ఉండాలి. జూన్‌లో పిల్లల ఫీజులు 24,000, సంక్రాంతికి బట్టలూ పిండివంటలూ 12,000, బీమా 6,000 అనుకుందాం. మొత్తం 42,000. దింపుకి 7,000 చొప్పున పోస్టాఫీసు ఖాతాలో వేస్తే ఏడాదిలో ఆరు దింపులకి సరిపోతుంది. ధర పడిపోయినప్పుడు అంత వేయలేకపోతే, బాగా పలికిన దింపులో ఆ లోటు పూడ్చండి.

రోజువారీ ఖర్చు నేను వంటింటి క్యాలెండర్ గడిలోనే పెన్సిల్‌తో రాస్తాను: పాలు 35, చేపలు 200, ఆటో 40. మొదటి నెలలోనే మా ఇంట్లో ఆటో ఖర్చు వెయ్యి దాటిందని తెలిసింది. మీరూ ఒక నెల ఏదీ తగ్గించకుండా రాయండి. ఏది కోయాలో ఆ తర్వాత చూసుకోవచ్చు. పిల్లల పాలు మాత్రం ముట్టుకోవద్దు. పాత చేబదుళ్లు కూడా అక్కడే, ఒకటో తారీకు గడిలో రాయండి. వాటిని మనసులో మోయడం ఎంత కష్టమో నాకు తెలుసు తల్లీ.