గాలి లేని రోజున పడవ పందెం: మాకు ఏడో స్థానం వచ్చిన వైనం

గాలి నిలకడగా లేని రోజున చిన్న తెరచాప పడవల పందేనికి వెళ్లడం దండగేనా అని అడిగారు. నా అనుభవంలో దండగ కాదు. కాకపోతే ఓపిక ఎక్కువ, చేతులాడింపు తక్కువ ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది. నా చేతులు మాత్రం ఊరుకోవు.

క్లబ్బు పందెంలో ఆ రోజు తొమ్మిది డింగీలు, అంటే చిన్న తెరచాప పడవలు, ఉన్నాయి. మాది ఎంటర్‌ప్రైజ్, 1956లో జాక్ హోల్ట్ రూపొందించిన నీలి తెరచాపల ఇద్దరి పడవ. చుక్కాని మా బాబాయి చేతిలో, ముందు తెరచాప నా చేతిలో. పందెం మొదలవడానికి అయిదు నిమిషాల ముందు మొదటి హారన్ మోగినప్పుడు గాలి బాగానే ఉంది. ఆఖరి హారన్ మోగేసరికి చచ్చిపోయింది. అందరూ ఆరంభ గీత దాటడానికి పాకులాడుతుంటే మేము ఇరవై మీటర్ల వెనక అడ్డంగా తిరిగి నిలబడి ఉన్నాం.

ఇలాంటప్పుడు తెడ్డు వేయకూడదు. పడవను అటూ ఇటూ ఊపకూడదు. చుక్కానిని చేప తోకలా ఆడించకూడదు. పందేల నియమావళిలోని 42వ నియమం వీటన్నిటికీ అడ్డం. ఇక మిగిలింది కూర్చోవడం. దానికీ ఒక పద్ధతి ఉంది. ఇద్దరూ ముందుకు జరిగితే వెనక భాగం నీళ్లలోంచి కాస్త లేచి ఈడ్పు తగ్గుతుంది. పడవను తెరచాప వైపు కొద్దిగా ఒరగనిస్తే, గాలి నింపకపోయినా గుడ్డ తన బరువుకే వంపు తిరిగి ఉంటుంది. తాడు మరీ బిగించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కదలకూడదు. నాకు తుమ్ము వచ్చింది. తెరచాపకు కట్టిన ఊలుదారం కదిలింది. "అదిగో, గాలి!" అన్నారు బాబాయి.

మిగతా ఎనిమిది పడవలూ ఎడమ ఒడ్డు వైపు పోయాయి. కుడి వైపున నీటి మీద ముదురు రంగు మచ్చ ఒకటి మెల్లగా మా వైపు వస్తోంది. గాలి తాకిన చోట చిన్న అలలు లేచి, ఆకాశాన్ని అద్దంలా చూపించలేక నీరు నల్లగా కనిపిస్తుంది. మిగతావాళ్లకు దూరంగా ఉండిపోయింది మేమే కాబట్టి అది మాకే తగిలింది. మూడు నిమిషాల్లో ఆఖరి నుంచి మొదటికి వచ్చాం. ఇందులో మా తెలివి ఏమీ లేదు. నేను మాత్రం అప్పటికే బహుమతి ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తున్నాను.

మలుపు గుర్తుగా నీటిలో తేలే బోయా ఇంకా పడవ నిడివి దూరంలో ఉందనగా ఆ గాలీ ఆగిపోయింది. పాత ఊపుతో జారుకుంటూ పోతుంటే పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, బూమ్, చివర బోయాను మెత్తగా తాకింది. బోయాను పడవలో ఏ భాగం తాకినా తప్పే. అక్కడికక్కడే ఒక పూర్తి చుట్టు తిరగాలి.

"ఎవరూ చూడలేదు" అన్నాను గుసగుసగా.

"నేను చూశానురా" అన్నారు బాబాయి.

"మేము విన్నాం" అని నలభై మీటర్ల అవతల నుంచి ఇంకో పడవ. గాలి లేనప్పుడు నీటి మీద మాట ఎంత దూరం పోతుందో అప్పుడే తెలిసింది.

గాలి ఉంటే ఆ చుట్టు పది సెకన్ల పని. మాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా ఆరు పడవలు ఒక్కొక్కటిగా పక్క నుంచి వెళ్లాయి. ప్రతి పడవ నుంచీ ఒక పలకరింపు. ఒకరు ఏకంగా గోళ్లు కత్తిరించుకుంటూ వెళ్లారు.

చివరికి నిర్వాహకులు రెండు హారన్లు కొట్టి, పందెం కుదిస్తున్నట్టు చెప్పే ఎస్ జెండా ఎత్తి, తర్వాతి బోయా దగ్గరే పందెం ముగించారు. మాకు ఏడో స్థానం. మా వెనకున్న రెండు పడవలవాళ్లు పందెం మానేసి, తెడ్లు తీసి, అప్పటికే ఒడ్డు చేరి టీ తాగుతున్నారు.