పెద్దకర్మ అయినాక డ్యూటీకొచ్చిన అక్కతో ఎట్లా ఉండాలి?

ప్రశ్న: అక్కా, మాది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లింగ్ చూస్తా. నా పక్క సీటు అక్క వాళ్లాయన పోయిన నెల గుండెపోటుతో చనిపోయాడు, ఆయన వేరే యూనిట్‌లో కటింగ్ మిషన్ మీద చేసేవాడు. పెద్దకర్మ అయ్యాక సోమవారం డ్యూటీకొచ్చింది. ఏం మాట్లాడాలో తెలీక అందరం తలొంచుకుని పోతన్నాం, కొందరైతే పొద్దున్నే ఎదురు రాకుండా తప్పుకుంటన్నారు. వచ్చే వారం కొత్త మిషన్‌కి పూజ, ఆ రోజు ఆమెని సెలవు పెట్టుకోమని నన్నే చెప్పమంటున్నారు. ఏం చెయ్యాలక్కా?

జవాబు: ఆ మాట నీ నోటితో చెప్పొద్దు తల్లీ. మొగుడు పోయిన మనిషికి పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎట్లాగూ ఈ అవమానం జరుగుతానే ఉంటది, జీతం కోసం వచ్చిన చోట కూడా అదే అయితే ఆమె ఇంక యాడికి పోవాలి? "నేను చెప్పను, ఆమె నా పక్కనే నిలబడుద్ది" అని తేల్చెయ్, మేనేజర్ చెవిన కూడా ముందే వేసి ఉంచు. ఆమెకే రావాలని లేకపోతే బలవంతం వద్దు, అది ఆమె ఇష్టం.

మాటలంటావా, "అన్న సంగతి తెలిసి చానా బాధేసిందక్కా" అంటే చాలు. రాసిపెట్టి ఉంది, పిల్లల కోసం గట్టిగా ఉండాల, ఇవన్నీ వచ్చిపోయిన ప్రతి ఒక్కరూ చెప్పే ఉంటారు. ఎట్లా పోయాడని ఆరా తియ్యొద్దు, తనే ఆయన గురించి ఎత్తితే మాత్రం మాట మార్చకుండా విను. "ఏం కావాలన్నా అడుగు" అంటే ఎవరూ అడగరమ్మా, "ఈ వారం లోడింగ్ బిల్లులు నేను కొడతా, నువ్వు ఒకసారి చూడక్కా" అను.

కాయితాల పని మాత్రం ఆలస్యం కానివ్వొద్దు. వాళ్లాయనకి పీఎఫ్ కట్ అవుతుంటే, ఉద్యోగంలో ఉండగానే పోయాడు కాబట్టి పీఎఫ్ డబ్బుతో పాటు ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్ కూడా వస్తది, గరిష్ఠంగా 7 లక్షల దాకా. పనిలో యాక్సిడెంట్ అయితేనే ఇస్తారనుకుని వదిలేసేవాళ్లున్నారు, అది నిజం కాదు, ఇంట్లో గుండెపోటుతో పోయినా ఇస్తారు. పీఎఫ్‌కి ఫారం 20, ఇన్సూరెన్స్‌కి 5ఐఎఫ్, పెన్షన్‌కి 10డి. ఆ పెన్షన్ భార్యకి నెలనెలా వస్తది, 25 ఏళ్లు నిండని పిల్లలుంటే ఇద్దరి దాకా వాళ్లకి విడిగా ఇస్తారు. ఆయనకి ఈఎస్ఐ ఉంటే అంత్యక్రియల ఖర్చు కింద 15,000 దాకా అడగొచ్చు. డెత్ సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు ఎక్కువే తీయించు. ఫారాల మీద ఆయన చేసిన యూనిట్ వాళ్ల సంతకం కావాల, అక్కడికి ఆమెని ఒక్కదాన్నే పంపొద్దు, నువ్వు కూడా పో. రోజూ బిల్లులు కొట్టే పిల్లవి, ఆ ఫారాలు నింపడం నీకొక లెక్క కాదు.

ఇంకో సంగతి, ప్రైవేట్ ఫ్యాక్టరీల్లో ఇంట్లో చావుకని విడిగా సెలవు చట్టంలో లేదు. పనిచేసిన ప్రతి 20 రోజులకి ఒకటి చొప్పున జమయ్యే ఈఎల్స్, అంటే జీతంతో ఇచ్చే సెలవులు ఉంటాయి, ఆమె రాని రోజుల్ని జీతం కోత కింద రాశారా, ఈఎల్స్‌లో రాశారా అని నువ్వే కనుక్కో, ఆమె ఇప్పుడు అడిగే స్థితిలో లేదు. మాసికాలకి, సంవత్సరీకానికి మళ్లీ సెలవు కావాల్సొస్తది, ఆ తేదీలు ఇప్పుడే కనుక్కుని ఆ రోజుల్లో ఆమె సీటు పని నువ్వు చూస్తానని మేనేజర్‌కి చెప్పి పెట్టు.