768 ఎవరి వాటా? కొత్తగా కోడ్ రాస్తున్నవారికి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

వెబ్ పేజీ కోసం నువ్వు జావాస్క్రిప్ట్‌లో రాసి పంపిన స్క్రిప్టు శ్రద్ధగా చదివాను. ఫోనుకు, టాబ్లెట్‌కు, పెద్ద తెరకు వేర్వేరు మెనూలు చూపించాలన్న ఆలోచన బాగుంది. మెనూలు గీసిన కోడ్‌లో నాకు లోపం కనిపించలేదు. చిక్కంతా బ్రౌజర్ విండో వెడల్పును (పిక్సెల్స్‌లో) పరీక్షించిన తీరులో ఉంది.

టాబ్లెట్ కోసం మొదటి షరతుగా "480 < వెడల్పు < 768" అని రాశావు. గణితంలో అది చెల్లుతుంది. జావాస్క్రిప్ట్ మాత్రం ఎడమవైపు నుంచి ఒక్కో పోలికనే చేస్తుంది. ముందు "480 < వెడల్పు" నిజమో అబద్ధమో తేల్చుకుంటుంది. ఆ తర్వాత 768తో పోల్చేది వెడల్పును కాదు, ఆ జవాబును. పోలికలో నిజం 1గా, అబద్ధం 0గా మారతాయి. రెండూ 768 కంటే చిన్నవే కదా! అందుకే తెర 320 అయినా 1920 అయినా నీకు టాబ్లెట్ మెనూయే వస్తోంది. బ్రౌజర్ లోపాలు చూపించే కన్సోల్‌లో ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఎంత వెతికినా ఆచూకీ దొరకదు. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో, తెర కొలతను బట్టి స్టైల్ మార్చే మీడియా క్వెరీల నాలుగో స్థాయి ప్రమాణంలో ఇలాంటి గొలుసు పోలిక చెల్లుతుంది. అక్కడ చూసిన అలవాటుతో ఇక్కడ రాశావేమో.

రెండు పోలికలుగా విడదీసి మధ్యలో "&&" పెట్టు. రెండూ నిజమైతేనే అది నిజమంటుంది. పొరపాటున "||" (ఏ ఒక్కటి నిజమైనా చాలు) పెడితే కథ మళ్ళీ మొదటికే వస్తుంది: 480 కంటే పెద్దదీ కాక, 768 కంటే చిన్నదీ కాని అంకె ఉండదు.

ఇది సరిచేయగానే దాని వెనక దాగిన రెండో లోపం బయటపడుతుంది. పెద్ద తెరకు "> 768" అనీ, ఫోనుకు "< 480" అనీ రాశావు. మరి సరిగ్గా 768 ఉంటే? 480 ఉంటే? ఆ రెండూ ఎవరికీ చెందలేదు, అక్కడ మెనూయే రాదు. 768 ఎక్కడో అరుదుగా తగిలే అంకె కాదు, ఎన్నో ఐప్యాడ్‌లను నిలువుగా పట్టుకుంటే వచ్చే వెడల్పు అదే. నేనైతే పెద్దదాని నుంచి దిగుతూ రాస్తాను: మొదట ">= 768", అది కాకపోతే చూసే ఎల్స్ ఇఫ్‌లో ">= 480", చివర మిగిలినవాటికి ఉత్త ఎల్స్. రెండో షరతు దాకా వచ్చిందంటే వెడల్పు 768 లోపే అని అప్పటికే తేలిపోయింది, మళ్ళీ అడగనక్కర్లేదు. ఈ వరుస తిరగేస్తే మాత్రం పెద్ద తెర కూడా 480 దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. నువ్వు వెడల్పును, పేజీకి మిగిలిన చోటును చెప్పే క్లయింట్‌విడ్త్ నుంచి తీసుకున్నావు. అందులో స్క్రోల్‌బార్ కలవదు. సీఎస్ఎస్ మీడియా క్వెరీ దాన్ని కలుపుకునే కొలుస్తుంది, విండో లోపలి మొత్తం వెడల్పును చెప్పే ఇన్నర్‌విడ్త్ కూడా అంతే. స్క్రోల్‌బార్ 15 పిక్సెల్స్ ఆక్రమించే కంప్యూటర్‌లో విండోను 775కు కుదిస్తే, స్టైల్ పెద్ద తెర అంటుంది, నీ స్క్రిప్టు 760 చూసి టాబ్లెట్ అంటుంది. చూసేవారికి సగం అదీ సగం ఇదీ కనిపిస్తుంది. ఈ తగవు తీర్చడానికి మ్యాచ్‌మీడియా అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ ఉంది. స్టైల్‌షీట్‌లో రాసిన క్వెరీనే అక్షరం మార్చకుండా దానికి ఇచ్చి, అది తిరిగిచ్చే మ్యాచెస్ విలువ (నిజమా, అబద్ధమా) చూడు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగితే జవాబులో తేడా రాదు.

దానితో మరో మేలు ఉంది. పేజీ తెరిచినప్పుడు నీ పరీక్ష ఒక్కసారే జరుగుతోంది, ఫోనును అడ్డంగా తిప్పితే దానికి తెలియదు. విండో కొలత మారినప్పుడల్లా పలికే రిసైజ్ ఈవెంట్‌కు తగిలిస్తే విండోను లాగుతున్నంతసేపూ అదే పని పదే పదే జరుగుతుంది. లోపల క్లిక్ హ్యాండ్లర్ (క్లిక్ చేసినప్పుడు నడిచే కోడ్) కలిపావంటే ఒక్క క్లిక్‌కు మెనూ పలుమార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మ్యాచ్‌మీడియాకు చేంజ్ ఈవెంట్ వినిపించే ఏర్పాటు చెయ్యి. అది హద్దు దాటినప్పుడే పలుకుతుంది. అయితే మొదటిసారి పరీక్షను నువ్వే పిలవాలి. హద్దు దాటి వెళ్ళేటప్పుడు పాత మెనూ కోసం చేసిన మార్పులు తీసేయడం కూడా నీ పనే. చాలామంది దాన్ని వదిలేస్తారు.

మార్చాక 479, 480, 481 దగ్గర, 767, 768, 769 దగ్గర ఆపి చూడు. బ్రౌజర్ జూమ్‌ను 110 శాతానికి పెంచి మరోసారి చూడు. ఆరింటిలో ఎక్కడ తేడా కనిపించినా ఆ అంకెతో సహా రాసి పంపు, కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి