జుట్టు రాలితే తప్పంతా చలిదేనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె, నాకు 27 ఏళ్లు. దీపావళి దాటిన దగ్గర్నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, దువ్వెన పట్టుకోవాలంటేనే టెన్షన్. చలికి తల ఎండిపోయింది, రోజూ రాత్రి నూనె పెట్టుకో అని మా అత్తమ్మ అంటే పెడుతున్నాను. తగ్గలేదు సరికదా, దురద మొదలైంది, భుజాల మీద పొట్టు. చలికి తట్టుకోలేక పొగలు కక్కే నీళ్లతో తలస్నానం చేస్తాను. వినాయక చవితి రోజుల్లో డెంగీ వచ్చి ఆస్పత్రిలో ఉన్నాను, దానికీ దీనికీ సంబంధం ఉందా? ఏ నూనె మంచిది?

జవాబు: చివర్న అనుమానంగా అడిగారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉందమ్మా. డెంగీ, టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చినా, కాన్పు అయినా, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా పెరగడం ఆపేస్తాయి. అయితే అప్పటికప్పుడు రాలవు, రెండు మూడు నెలలు కుదుళ్లలోనే ఉండి ఆ తర్వాత గుంపుగా ఊడతాయి, అప్పటికి జ్వరం సంగతి మనమే మర్చిపోయి ఉంటాం. వానాకాలం జ్వరాలకు చలికాలంలో జుట్టు రాలడం, నింద మాత్రం చలి మీద పడటం మన దగ్గర చాలా ఇళ్లలో జరిగేదే.

ఒక పని చేయండి. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు నాలుగైదు తీసి నల్లటి గుడ్డ మీద పరిచి, వెలుతురులో చివర్లు చూడండి. ఒక చివర ఆవగింజ కంటే చిన్నగా తెల్లటి బొడిపె కనిపిస్తే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక, జ్వరం బాపతు ఇలాగే ఉంటుంది. బొడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మాత్రం జుట్టు పొడిబారి మధ్యలో తెగుతోందని అర్థం, దానికి వేడినీళ్లు, తడి తల దువ్వడం కారణాలు. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం ఎవరికైనా మామూలే, వారానికోసారి తలంటుకునేవాళ్లకి ఆ రోజు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి.

జ్వరం వల్ల రాలేది సాధారణంగా ఆరు నెలల్లోపు దానంతటదే ఆగుతుంది. కొత్త జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి జడ మళ్లీ ఒత్తుగా కనిపించడానికి ఏడాది పైనే పట్టొచ్చు, ఈలోగా బెంగపడి కనిపించిన నూనె సీసా అల్లా కొనకండి. ఆ డబ్బుతో ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, మన ఆడవాళ్లలో ఐరన్ లోపం చాలా ఎక్కువ. పప్పు, గుడ్డు, మునగాకు, నువ్వుల ఉండలు తినండి, ఇప్పుడు ఉసిరికాయల కాలమే కాబట్టి అన్నంలోకి ఉసిరి పచ్చడి ఉంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ మాత్రం వద్దు.

ఇక పొట్టు సంగతి. దురదతో పాటు జిడ్డుగా, కాస్త పసుపుగా గోటికి అంటుకునే పొట్టు అయితే అది చుండ్రు. మన తల మీదే ఉండే ఒక రకం ఫంగస్ దానికి మూలం, దానికి తిండి ఆ జిడ్డే. అంటే రాత్రంతా నూనె పట్టించి పడుకోవడం దాన్ని మేపినట్టే. అత్తమ్మగారు మీ మంచికే చెప్పారు, కానీ చుండ్రు తగ్గేదాకా మాడుకి నూనె ఆపేయండి. కీటోకొనజోల్ 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడండి. నురగ జుట్టుకి కాదు, మాడుకి పట్టాలి, ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, అందరూ వెంటనే కడిగేసి పనిచేయలేదంటారు. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా డాక్టర్ని అడిగే వాడండి. నిమ్మరసం రుద్దొద్దు, మండుతుంది.

నూనె కావాలనిపిస్తే తలస్నానానికి గంట ముందు జుట్టు కింది సగానికి కొబ్బరినూనె రాసుకోండి, అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. చలికి గడ్డకడితే సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టండి చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. చివర్లో చన్నీళ్లు పోసుకుంటే రంధ్రాలు మూసుకుంటాయంటారు, ఆదిలాబాద్ చలిలో ఆ శిక్ష అక్కర్లేదు.

ప్రశ్న: కార్తీకమాసమంతా రోజూ తలస్నానం చేశాను, జుట్టు పీచులా అయింది. కుంకుడుకాయలే వాడతాను. మానేయాలా? - రాజమండ్రి పాఠకురాలు

జవాబు: తలస్నానం మానక్కర్లేదండీ, రోజూ కుంకుడు రసం మానండి. కుంకుడులో నురగనిచ్చే పదార్థం మురికితో పాటు తలలో సహజంగా ఉండే జిడ్డునీ లాగేస్తుంది, రోజూ వాడితే పీచు కాక ఏమవుతుంది? వ్రత రోజుల్లో ఉత్త నీళ్లు పోసుకోండి, కుంకుడు వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఆ రసంలో గుప్పెడు మందారాకు పిసికి వడకట్టి వాడితే జిగురుగా ఉండి చిక్కులు తేలిగ్గా వస్తాయి. గుడికి ఆలస్యమవుతోందని తడి జుట్టు గట్టిగా ముడేయడం ఇంకా పెద్ద తప్పు, తడిసిన వెంట్రుక సాగి తెగుతుంది. నూలు తువ్వాలుతో అద్ది, వదులుగా వదిలేయండి.

ప్రశ్న: చికాగోలో చదువుతున్నాను. రోజంతా ఉన్ని టోపీ పెట్టుకోక తప్పదు. దానివల్ల బట్టతల వస్తుందా?

జవాబు: రాదు. టోపీ వల్ల కుదుళ్లు చావవు. ఉన్ని రాసుకుని వెంట్రుకలు తెగొచ్చు, లోపల నూలు గుడ్డో శాటిన్ గుడ్డో ఉన్నది చూసుకోండి, తరచూ ఉతకండి. మీ దగ్గర ఇంట్లో హీటర్ గాలిని బాగా పొడిగా చేస్తుంది కాబట్టి షాంపూ తర్వాత కండిషనర్ వాడండి. నుదుటి దగ్గర రెండు వైపులా జుట్టు వెనక్కి జరుగుతోందనిపిస్తే మాత్రం అది వంశపారంపర్యం కావచ్చు, సెలవులకి ఇండియా వచ్చేదాకా ఆగకుండా అక్కడే చర్మవైద్యుడికి చూపించండి, మందు తొందరగా మొదలుపెడితేనే ఉన్న జుట్టు నిలుస్తుంది.