బీఏ పొలిటికల్ సైన్స్ తీసుకో, కానీ తర్వాతి మెట్టు ఇప్పుడే చూసుకో

తమ్ముడూ, సీఈసీ తర్వాత బీఏ పొలిటికల్ సైన్స్ అంటే నాన్నగారు "ఉద్యోగం ఎక్కడొస్తుంది" అంటున్నారని రాశావు. ఆయన భయంలో నిజముంది. ఒక్క బీఏ పట్టా చూసి ఉద్యోగమిచ్చేవాళ్లు తక్కువే. కానీ దాని తర్వాత లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాస్తే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. ఎంఏ చేస్తే సివిక్స్ జూనియర్ లెక్చరర్ పోస్టులకు రాసుకోవచ్చు. సివిల్స్ మెయిన్స్‌లో పొలిటికల్ సైన్స్‌ను ఆప్షనల్‌గా తీసుకుంటే దానికి 500 మార్కులు, గ్రూప్స్‌లోనూ పాలిటీ ఉంటుంది. అయితే సివిల్స్ ఒక్కదాన్నే నమ్ముకోకు.

మనవాళ్లలో చాలామందికి తెలియని దారి చట్టసభల పనిమీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ ఇచ్చే ల్యాంప్ ఫెలోషిప్. ఒక ఎంపీ దగ్గర పనిచేస్తూ బిల్లులు చదివి నోట్స్ రాయాలి, సభలో అడిగే ప్రశ్నలు తయారుచేయాలి. దీనికి ఇంగ్లిష్‌లో బాగా రాయడం రావాలి. అందుకే ఫస్టియర్ నుంచే రోజూ ఒక ఎడిటోరియల్ చదివి, దాని సారాంశం సొంతంగా ఒక పేరా రాయి.