నిద్ర సంగతి తర్వాత, ముందు నోటీసు తేదీ చూడండి

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటున్నాం. మా దగ్గర కొన్నాళ్లు ఉన్న అత్తమామలను 2025 జనవరి 4, శనివారం రాత్రి హీత్రోలో హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కించాం. హౌన్‌స్లోలో బంధువుల ఇంట్లో భోజనం చేసి ఎం1 మోటర్‌వే మీదుగా ఇంటికి బయల్దేరాం. దారిలో కళ్లు మూతలు పడుతుంటే ఒక సర్వీసెస్‌లో (మోటర్‌వే పక్కన బండ్లు ఆగే చోట) కారు ఆపి, వెనక సీట్లో ఏడాదిన్నర పాపతో అలాగే నిద్రపోయాం. కెమెరా లెక్క ప్రకారం లోపలికి వెళ్లింది 1.52కి, బయటకు వచ్చింది 5.04కి. అక్కడ ఫ్రీ పార్కింగ్ 2 గంటలే. మేము ఇల్లు మారాం కాబట్టి నోటీసు పాత అడ్రస్‌కు వెళ్లింది. అక్కడ అద్దెకున్నవాళ్లు ఫిబ్రవరి చివర్లో రెండు ఉత్తరాలు చేతికిచ్చారు. మొదటిది పార్కింగ్ కంపెనీది, 100 పౌండ్లకు. రెండోది వసూళ్ల ఏజెన్సీది, 170 పౌండ్లకు. కారు నా పేరు మీద ఉంది. చించి పారేయమని ఒక స్నేహితుడు, డ్రైవర్‌గా మామగారి పేరు రాసెయ్యమని ఇంకొకరు చెబుతున్నారు. అలసిపోతే ఆగమని ప్రభుత్వమే బోర్డులు పెడుతుంది కదా, పసిపిల్లతో ఆగినందుకు జరిమానా ఏమిటి? కంపెనీకి రాయబోయే ఉత్తరం కూడా జత చేశాను. (పేరు వద్దన్నారు, లీడ్స్)

జవాబు: మీ ఉత్తరాన్ని కుదించి, ఒక వాక్యం మాత్రం కావాలనే తీసేసి పైన అచ్చువేశాను. ఆ రాత్రి స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో చెప్పే వాక్యం అది. ఎందుకు తీసేశానో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. కంపెనీకి రాసుకున్న ఉత్తరాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి.

ముందుగా నిద్ర సంగతి. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 91వ నియమం ప్రతి రెండు గంటల డ్రైవింగ్‌కు కనీసం 15 నిమిషాల విరామం తీసుకోమంటుంది. నిద్ర వస్తే సురక్షితమైన చోట ఆగి, కాఫీ తాగి, ఓ కునుకు తీయమంటుంది. మీరు చేసింది సరైన పనే. కానీ ఆ నియమం ఆగమని చెప్పింది గానీ, ఎంతసేపైనా ఊరికే ఆగొచ్చని చెప్పలేదు. మోటర్‌వే మీద బోర్డు ఉన్న సర్వీసెస్ కనీసం 2 గంటలు ఫ్రీగా ఇవ్వాలన్నది ప్రభుత్వ విధానం. ఆ తర్వాత డబ్బు కట్టి ఉండే ఏర్పాటు మామూలుగా ఉంటుంది. బోర్డు మీద షరతులు రాసి పెట్టారు, మీరు కారు ఆపారు, ఒప్పందం కుదిరింది. కోర్టు చూసేది ఇంతే. 2015లో పార్కింగ్‌ఐ వర్సెస్ బీవిస్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. చెమ్స్‌ఫర్డ్‌లో ఒక షాపింగ్ పార్కులో 2 గంటల గడువు దాటి 56 నిమిషాలు ఉన్నందుకు 85 పౌండ్లు వేస్తే, అది చెల్లని జరిమానా కాదంది. మీరు దాటింది గంటా 12 నిమిషాలు. చివర్లో ఇచ్చే 10 నిమిషాల వెసులుబాటు మిమ్మల్ని గట్టెక్కించదు. పాప గురించి రెండు పేజీలు రాశారు. ఆ రెండు పేజీలూ ఈ కేసుకు అక్కర్లేదు.

ఈ కేసును తేల్చే విషయం మీ ఉత్తరంలో ఒక మూల ఉంది. నోటీసు మీద జనవరి 17, శుక్రవారం అని తేదీ ఉందన్నారు.

ప్రైవేటు పార్కింగ్ కంపెనీ ఒప్పందం డ్రైవర్‌తో. కారు ఎవరి పేరు మీద ఉందో ఆ రిజిస్టర్డ్ కీపర్‌తో కాదు. కీపర్ నుంచి వసూలు చేసే హక్కును 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూల్ ఇచ్చింది, అదీ కొన్ని షరతుల మీద. అద్దానికి టికెట్ అంటించకుండా కెమెరా చూసి పోస్టులో పంపే నోటీసైతే, పార్కింగ్ ముగిసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోగా కీపర్‌కు అందాలి. పంపితే చాలదు, అందాలి. ఎప్పుడు అందినట్టు? పోస్టు చేసిన తర్వాత రెండో పనిదినాన అందినట్టు చట్టం భావిస్తుంది. శని, ఆదివారాలు, సెలవులు పనిదినాలు కావు.

మీ పార్కింగ్ ముగిసింది జనవరి 5, ఆదివారం. 6 నుంచి లెక్కపెడితే 14వ రోజు 19. ఉత్తరం 17నే పోస్టులో పడిందనుకున్నా రెండో పనిదినం 21, మంగళవారం. గడువు దాటింది. శనివారం 18నే ఇంటికి చేరిందని కంపెనీ రుజువు చేస్తే తప్ప కీపర్‌గా మీ మీద వాళ్లకు హక్కు లేదు. ఆ రుజువు భారం వాళ్లదే. మామూలు పోస్టులో పంపిన ఉత్తరానికి అలాంటి రుజువు చూపించడం వాళ్లకు అంత తేలిక కాదు.

ఇప్పుడు మీ డ్రాఫ్ట్ చూడండి. మొదటి వాక్యంలోనే కారు ఎవరు నడిపారో, ఎవరు ఆపారో చెప్పేశారు. అది పంపి ఉంటే పైన చెప్పిన లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. డ్రైవర్ ఎవరో తెలిశాక కంపెనీకి నాలుగో షెడ్యూల్‌తో పనేముంది? కౌంటీ కోర్టు ఫైళ్లలో ఇలాంటి కన్నీటి ఉత్తరాలు కొల్లలు. రాసినవాళ్లు సానుభూతి ఆశించి రాస్తారు, అవతలి లాయరు ఒప్పుకోలుగా వాడుకుంటాడు.

డ్రైవర్ ఎవరో ప్రైవేటు కంపెనీకి చెప్పాల్సిన బాధ్యత కీపర్‌కు లేదు. పోలీసులు అడిగితే మాత్రం వేరు. రోడ్ ట్రాఫిక్ చట్టం 172వ సెక్షన్ కింద వాళ్లకు చెప్పకపోవడం నేరం. కౌన్సిల్ నోటీసులకూ దారి వేరే. కౌన్సిల్ పంపేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్, కంపెనీ పంపేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. రెండింటినీ పీసీఎన్ అనే అంటారు. కాబట్టి నోటీసు ఎవరు పంపారో ముందు చూసుకోండి.

మామగారి పేరు రాసెయ్యమన్న స్నేహితుడి సలహా గురించి ఒక మాట. డ్రైవర్ పేరు, అడ్రస్ ఇస్తే కీపర్ బయటపడతాడన్నది నిజమే, అందుకే ఈ దొంగదారి మనవాళ్లలో బాగా తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఉన్న మనిషి మీద ఇక్కడి కంపెనీ వంద పౌండ్లకు కేసు వెయ్యదులే అని ధీమా. సార్, రాత్రి 1.52కి మీ మామగారు గాల్లో ఉన్నారు. బోర్డింగ్ పాసు, శంషాబాద్‌లో వేసిన ఇమిగ్రేషన్ ముద్ర ఆ సంగతి చెబుతాయి. డబ్బు ఎగ్గొట్టడానికి తెలిసి తెలిసి అబద్ధం రాయడం 2006 నాటి ఫ్రాడ్ చట్టం కిందికి వస్తుంది. అదే అబద్ధాన్ని సత్యప్రమాణం కింద సంతకం పెట్టి కోర్టుకు ఇస్తే కోర్టు ధిక్కారం, జైలు దాకా పోవచ్చు. వంద పౌండ్ల సివిల్ బాకీని చేజేతులా క్రిమినల్ కేసు చేసుకుంటారా? పేరు చెప్పకుండా ఉండటం మీ హక్కు. తప్పుడు పేరు చెప్పడం నేరం. వాయిదాకు పిలిచి జడ్జి సూటిగా అడిగితే నిజమే చెప్పాలి. అప్పుడు కేసు బోర్డుల మీద నిలబడాల్సి వస్తుంది, దాని గురించి కింద రాశాను.

చించి పారేయమన్న సలహా 2012 అక్టోబరుకు ముందుది. అప్పటికి కీపర్ మీద బాధ్యత వేసే చట్టం లేదు. ఇప్పుడు ఊరుకుంటే పోయేది కాదు. మన దగ్గర ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. ఇంగ్లండ్‌లో ఒప్పందం మీద దావాకు 1980 లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆరేళ్లు. అంటే 2031 జనవరి దాకా ఆ కంపెనీ మీ మీద కేసు వెయ్యొచ్చు. ఏడాదిపాటు ఉత్తరం రాలేదని నిశ్చింతగా ఉండకండి.

ఇక మిమ్మల్ని కోప్పడాల్సిన విషయం. ఇల్లు మారినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్‌లో అడ్రస్ మార్చాం కదా అని రాశారు. లైసెన్స్ వేరు, కారు రిజిస్ట్రేషన్ కాగితమైన లాగ్‌బుక్ వేరు. వీ5సీ అనే ఆ కాగితంలో అడ్రస్ విడిగా మార్చాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, ఫీజు లేదు, చేయకపోతే 1,000 పౌండ్ల దాకా ఫైన్. కంపెనీకి మీ అడ్రస్ ఇచ్చేది వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ, వాళ్ల దగ్గర పాత అడ్రసే ఉంది. పైగా, నోటీసు నా చేతికి ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి ఆలస్యమైందని వాదిస్తానన్నారు. ఆ వాదన నిలవదు. రిజిస్టర్డ్ అడ్రస్‌కు పంపితే పంపినట్టే. మీకు ఉపయోగపడేది 17వ తేదీ మాత్రమే. పోస్టు ముద్ర ఏ తేదీదో చెప్పగలిగిన కవరును కూడా పారేశారు! ఒకవేళ ఆ కవరు మీద 18 అనో 20 అనో ఉంటే వాదించే పనే ఉండేది కాదు. పాత ఇంట్లో ఉన్నవాళ్లను అడగండి, ఉత్తరం ఏ రోజు వచ్చిందో ఎవరికైనా గుర్తుందేమో.

ఈ అజాగ్రత్త వల్ల నిజంగా జరిగిన నష్టం ఇది: కంపెనీకి అప్పీలు చేసుకునే 28 రోజులు దాటిపోయాయి. కంపెనీ తిరస్కరించాకే పోప్లా లాంటి స్వతంత్ర అప్పీలు. పోప్లా నిర్ణయం కంపెనీని కట్టేస్తుంది, మిమ్మల్ని కట్టదు. అంత మంచి అవకాశం చేజారింది. పైగా ఇప్పుడు దావా వేస్తే సమన్లు కూడా పాత ఇంటికే పోతాయి, ఏకపక్షంగా తీర్పు వస్తుంది. సీసీజే (కౌంటీ కోర్టు జడ్జిమెంట్) అనే ఆ తీర్పు నెలలోపు మొత్తం కట్టకపోతే ఆరేళ్లు రిజిస్టర్‌లో ఉంటుంది. ఇల్లు కొనేందుకు మార్టిగేజ్‌కు వెళ్లినప్పుడు బయటపడుతుంది. దాన్ని కొట్టేయించుకోవడానికి దరఖాస్తు ఫీజే 300 పౌండ్ల పైచిలుకు.

అందుకే ఇవాళే లాగ్‌బుక్ మార్చండి. రేపు కంపెనీకి, ఏజెన్సీకి రెండింటికీ కొత్త అడ్రస్ రాసి పంపి, పాత అడ్రస్ తుడిచేయమనండి. అదే ఉత్తరంలో కీపర్‌గా మాత్రమే రాస్తున్నానని, నోటీసు 14 రోజుల్లోగా అందలేదు కాబట్టి కీపర్ బాధ్యత పుట్టలేదని, ఛార్జీ రద్దు చేయమని రాయండి. ఆలస్యమైనా అప్పీలుగా తీసుకోమని అడగండి. కొందరు తీసుకుంటారు. "నేను ఆపాను", "మేము పడుకున్నాం" లాంటి మాటలు ఎక్కడా రాకూడదు, "వాహనం", "డ్రైవర్" చాలు. మీ దగ్గరున్న వివరాలన్నీ ఇవ్వండని డేటా రక్షణ చట్టం కింద అడిగితే నెలలో ఇవ్వాలి. ఉత్తరం ఎప్పుడు ప్రింటయ్యిందో, ఎప్పుడు పోస్టయ్యిందో అందులో దొరకొచ్చు. సర్వీసెస్ యాజమాన్యానికి కూడా కాఫీ బిల్లు ఉంటే జతచేసి ఒక ఫిర్యాదు పంపండి. పార్కింగ్ కంపెనీని పెట్టుకున్నది వాళ్లే, తలచుకుంటే రద్దు చేయించగలరు. మీ నిద్ర కథకు కాస్త విలువ ఉంటే అక్కడే ఉంటుంది. అక్కడ కూడా డ్రైవర్ ఎవరో రాయొద్దు.

బోర్డుల ఫొటోలు రాత్రిపూట తీయించండి, పగలు తీసినవి పనికిరావు. తెల్లవారుజాము 2 గంటలకు కారులో కూర్చున్నవాళ్లకు ఆ 100 పౌండ్ల అంకె కనిపిస్తుందా, దీపం ఉందా, లారీ అడ్డంగా నిలుస్తుందా అన్నది చూపించాలి. బీవిస్ కేసులో బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయి. మీ చోట అలా లేవని చూపగలిగితే అది మీ రెండో వాదన అవుతుంది, డ్రైవర్‌కూ పనికొస్తుంది.

వసూళ్ల ఏజెన్సీకి ఇంటికొచ్చి సామాను ఎత్తుకుపోయే అధికారం లేదు, టెన్షన్ పడకండి. వాళ్లు కలిపిన 70 పౌండ్లు కూడా కీపర్ మీద పడవు, నోటీసులో రాసిన మొత్తానికి మించి కీపర్‌ను అడగకూడదని నాలుగో షెడ్యూలే చెబుతోంది. మీరు పట్టించుకోవాల్సిన కాగితాలు రెండే. ఒకటి, దావాకు ముందు ఉత్తరం, దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండోది కోర్టు క్లెయిమ్ ఫారం, అది అందిన 14 రోజుల్లో అందిందని తెలపాలి. అలా తెలిపితే డిఫెన్స్‌కు, అంటే మీ వాదన రాసి ఇవ్వడానికి, మొత్తం 28 రోజులు దొరుకుతాయి. స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావా) కాబట్టి ఓడినా కోర్టు ఫీజులు, ఖర్చులు కలిపి మామూలుగా 200 నుంచి 300 పౌండ్ల మధ్యే.

ఒక్క పని మిగిలింది. నోటీసు ముందు పేజీ మాత్రమే స్కాన్ చేసి పంపారు. 28 రోజుల్లో డబ్బు రాకపోతే కీపర్ నుంచి వసూలు చేస్తామన్న హెచ్చరిక చట్టం చెప్పిన తీరులో ఉండాలి, అది వెనక పేజీలో ఉండే అవకాశం ఎక్కువ. అదే లేకపోతే తేదీల లెక్క కూడా అక్కర్లేదు. వెనక పేజీ పంపండి.