అడగండి చెబుతాం: ఆటలకూ ఒక భాష ఉంటుంది

ప్రశ్న: రగ్బీ మ్యాచ్‌కి ముందు న్యూజిలాండ్ వాళ్ళు నాలుక బయటపెట్టి, తొడలు చరుచుకుంటూ అరుస్తారు కదా, అవతలి జట్టుని తిడుతున్నట్టా? మా హాస్టల్లో దీనిమీద పందెం నడుస్తోంది.
(ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: తిట్లే అని పందెం కాసినవాళ్ళు డబ్బులు బయటికి తీయండి. దాన్ని హాకా అంటారు, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ఆచారం. రగ్బీలో ఎక్కువగా వినిపించే ‘కా మాతే’ని 1820 ప్రాంతంలో తే రౌపరాహా అనే మావోరీ నాయకుడు కట్టాడు. శత్రువులు తరుముతుంటే ఆయన చిలగడదుంపలు దాచే గోతిలో దూరాడట, పైన ఒకావిడ కూర్చుని కనబడకుండా కాపాడిందట. వాళ్ళు వెళ్ళిపోయాక పైకొచ్చి ఎండ చూసినప్పుడు పుట్టిన మాటలని చెప్పుకుంటారు. ‘కా మాతే, కా మాతే’ అంటే చావే, చావే. ‘కా ఓరా, కా ఓరా’ అంటే బతుకే, బతుకే. ప్రాణం దక్కినవాడి కేక అది, ఇందులో తిట్టెక్కడుంది? పెళ్ళిళ్ళలోనూ హాకా చేస్తారు, చావు దగ్గరా చేస్తారు, ఆడవాళ్ళూ చేస్తారు.

తమాషా ఏంటంటే, చాలాకాలం న్యూజిలాండ్ జట్టే దాన్ని సరిగ్గా చేసేది కాదు. 1970ల నాటి వీడియోలు దొరికితే చూడండి, చేతులు తలోవైపు, మొహాల్లో మొహమాటం, స్కూల్ యానివర్సరీలో స్టెప్పులు మర్చిపోయిన పిల్లల్లా ఉంటారు. 1980లలో బక్ షెల్‌ఫర్డ్, హికా రీడ్ అనే ఇద్దరు మావోరీ ఆటగాళ్ళు, చేస్తే పద్ధతిగా చేద్దాం, లేదంటే మానేద్దాం అని పట్టుబట్టి, మాటకి అర్థమేంటో అడుగు ఎందుకలా వెయ్యాలో జట్టు మొత్తానికీ నేర్పించారు. మావోరీకి అక్కడ అధికార భాష హోదా వచ్చింది కూడా ఆ రోజుల్లోనే, 1987లో. 2014లో అయితే ఏకంగా చట్టమే చేశారు, ‘కా మాతే’ని వ్యాపారానికి వాడుకుంటే తే రౌపరాహా పేరు చెప్పి తీరాలని.

ప్రశ్న: అంతసేపూ ఎదుటి జట్టు చేతులు కట్టుకుని చూడాల్సిందేనా?
(విజయనగరం నుంచి ఒక పీఈటీ మాస్టారు)

జవాబు: ఇప్పుడు దాదాపు అంతే మాస్టారూ. 2019 వరల్డ్ కప్ సెమీస్‌లో ఇంగ్లండ్ వాళ్ళు ‘వి’ ఆకారంలో నిలబడి, కొందరు మధ్యగీత దాటి ముందుకొచ్చినందుకు 2,000 పౌండ్ల జరిమానా కట్టారు. కానీ నన్నడిగితే అసలైన జవాబు 1905 డిసెంబర్ 16నే వచ్చేసింది, కార్డిఫ్‌లో. న్యూజిలాండ్ హాకా అయిపోగానే టెడ్డీ మోర్గాన్ అనే వేల్స్ ఆటగాడు ‘మా తండ్రుల నేల’ అనే అర్థం వచ్చే వెల్ష్ పాట ఎత్తుకున్నాడు. జట్టు అందుకుంది, వెంటనే స్టేడియం మొత్తం అందుకుంది. ఆ మ్యాచ్ వేల్స్ 3-0తో గెలిచింది, ఆ టూర్‌లో న్యూజిలాండ్ ఓడింది ఆ ఒక్కసారే. వేల్స్‌లో ఎక్కువమందికి ఇంట్లో ఇంగ్లీషే, అయినా ఈ రోజుకీ రగ్బీ మ్యాచ్ అనగానే వెల్ష్ రానివాళ్ళు కూడా ఆ పాట వెల్ష్‌లోనే పాడతారు.

ప్రశ్న: సుమో కుస్తీలో గుప్పెడు ఉప్పు తీసి చల్లుతారు. మనం దిష్టి తీసినట్టా అండీ?
(గృహిణి, తెనాలి)

జవాబు: దగ్గరగానే వచ్చారమ్మా. జపాన్ వాళ్ళ షింటో మతాచారంలో ఉప్పు శుద్ధి చేస్తుంది, జపాన్‌లో చావు ఇంటికి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా గడప దాటేముందు ఒంటిమీద కాస్త ఉప్పు చల్లుకుంటారు. సుమోలో మాత్రం పై రెండు డివిజన్ల వాళ్ళకే సాధారణంగా ఆ ఉప్పు దక్కేది, కిందివాళ్ళు ఉత్తి చేతులతో దిగాల్సిందే! ఇంకో సంగతి, బయటి దేశం నుంచి వచ్చినవాడైనా గురువు ఇంట్లోనే ఉండాలి, జపనీస్ పేరు పెట్టుకోవాలి, జపనీస్‌లోనే మాట్లాడాలి. హవాయి నుంచి వెళ్ళి 1993లో యోకోజునా, అంటే అన్నిటికన్నా పై హోదా, సాధించిన తొలి విదేశీయుడు అకెబోనో, తర్వాత మంగోలియా నుంచి వచ్చి 45 టైటిళ్ళు గెలిచిన హకుహో, ఇద్దరూ అలా వచ్చినవాళ్ళే. వినడానికి బాగుంటుంది గానీ పదిహేను, పదహారేళ్ళ కుర్రాడికి అది ఎంత టెన్షనో ఆలోచించండి.

ప్రశ్న: జూడోలో ఏ దేశం రిఫరీ అయినా జపనీస్‌లోనే ఎందుకు అరుస్తాడు?
(నిజామాబాద్)

జవాబు: 1882లో జిగోరో కానో మొదలుపెట్టిన నాటి మాటలే ఇంకా నడుస్తున్నాయి కాబట్టి. ‘హజిమే’ అంటే మొదలుపెట్టు, ‘మత్తే’ అంటే ఆగు. ఫెన్సింగ్‌కి ఫ్రెంచ్ ఎలాగో దీనికి జపనీస్ అలాగ.

ప్రశ్న: మా తాతయ్య కబడ్డీ చూస్తూ ‘ఇదేం కూత, మా చెడుగుడులో కూతంటే పాటలా ఉండేది’ అని రోజూ సణుగుతాడు. నిజమేనా?
(డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట)

జవాబు: తాతయ్యగారు చెప్పింది నిజమే. మా ఊళ్ళో కోతలయ్యాక ఎండిన మడిలో మడమతో గీత గీసి ఆడేవాళ్ళం, ‘చెడుగుడు గుడుగుడు’ అంటూ వెళ్ళేవాళ్ళం, దమ్మున్నవాడు దానికి నోటికొచ్చిన ముక్కలన్నీ తగిలించి లాగేవాడు, గాలి అయిపోతున్నకొద్దీ గొంతు సన్నబడి చివరికి ‘గుడు’ కూడా ‘ఉ’ అయ్యేది, కూత తెగిందా లేదా అని అక్కడే కొట్లాట. బెంగాల్లో హాడుడు, మహారాష్ట్రలో హుతుతు, తమిళనాట సడుగుడు. ఆటకి ఒకే రకం నిబంధనలు రాసుకున్నప్పుడు కూత కూడా ఒక్కటే అయింది, ‘కబడ్డీ’.

దీనివల్ల పోయింది పోయింది గానీ వచ్చింది కూడా ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇరాన్ కుర్రాళ్ళు ‘కబడ్డీ కబడ్డీ’ అంటూనే సెమీస్‌లో మనల్ని 27-18తో ఓడించారు, 1990 నుంచి వరసగా ఏడు స్వర్ణాలు తెచ్చుకున్న మనల్ని! ఆడపిల్లల ఫైనల్లోనూ ఇరానే గెలిచింది, వాళ్ళ కోచ్ ఎవరనుకున్నారు, నాసిక్‌కి చెందిన శైలజా జైన్. ఆ అమ్మాయిలకి ఆట నేర్పడానికి ఆవిడ ముందు వాళ్ళ ఫార్సీ భాష నేర్చుకుంది.

తాతయ్యగారి కూత మొత్తం రాయించి పంపమ్మా, వచ్చే సంచికలో వేస్తాం.